నీ తరఫున నేనిచ్చిన మాట

నాన్నకి నమస్కారాలు.

నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అమ్మా బాగున్నారని సిమెంటు కొట్టు బాబాయి చేత రాయించావు. అమ్మ మోకాలి సంగతి ఒక్క ముక్క కూడా లేదు కాబట్టి ఆ మాట సగమే నమ్ముతున్నాను.

బాబాయ్, చదివి వినిపించేది మీరే కాబట్టి ముందు మీకో మాట. నాన్న చెప్పింది చెప్పినట్టు రాయండి. "ఆడపిల్లకి అంత పట్టుదల పనికిరాదు" అన్నది నాన్న మాట కాదని నాకు తెలుసు. నాన్నయితే "మొండిఘటం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. మీ సలహాలు చివర విడిగా రాస్తే విడిగానే జవాబిస్తాను. ఇప్పుడు నాన్నకి కుడి పక్కన కూర్చుని గట్టిగా చదవండి. ఎడమ చెవిని రాళ్లు కోసే మిషను ఎప్పుడో మింగేసింది. వీధంతా వింటుందంటారా, విననివ్వండి.

నాన్నా, ఆ ఊళ్లో ఏముందని ఇల్లు కొంటున్నావని అడిగావు. ఏమీ లేదు. ఒక కొట్టు, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కొట్టతను మధ్యాహ్నం తలుపు దగ్గరికేసి పడుకుంటాడు. అప్పుడు ఉప్పు కావాలంటే నిద్ర లేపి తిట్లతో పాటు తెచ్చుకోవాలి. ఆఫీసులో అందరూ నవ్వారు. "దోమలకి తోడు వెళ్తున్నావా?" అంది నా పక్క సీటావిడ.

పశువులకి టీకాలు వేసే ఉద్యోగం కదా, ఈ చుట్టుపక్కల నేను తిరగని ఊరు లేదు. మందుల పెట్టె భుజాన వేసుకుని ఊళ్లోకి అడుగు పెడితే ముందు పలకరించేవి కుక్కలే. ఏ ఊళ్లోనైనా నేను పెట్టె దించడానికి వంగితే చాలు, రాయి తీస్తున్నాననుకుని తోక ముడిచి పరిగెత్తేవి. ఈ ఊళ్లో సూది మూత కింద పడి వంగితే, ఒక కుంటి కుక్క నా మొహంలో మొహం పెట్టి చూసింది. దాని మీద ఇంతవరకూ ఎవరూ రాయి విసరలేదన్నమాట. ఆ రోజే అనుకున్నాను, ఉంటే ఇక్కడే ఉండాలని. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

ఇల్లు మాత్రం నువ్వు నేర్పినట్టే చూశాను. ఎండాకాలంలో చూపించే ఇంటిని నమ్మొద్దన్నావు కదా, కుండపోత వానలో వెళ్లాను. గోడలన్నీ వేలి కణుపులతో తట్టి విన్నాను. రెండు గదులు, పెంకుల కప్పు, వెనక కాస్త పెరడు. వాన నీళ్లు వాకిట్లోంచి వీధిలోకే పోయాయి, ఇంట్లోకి రాలేదు. వంటింటి మూల మాత్రం కారుతోంది. ఇల్లు అమ్మే పెద్దావిడ దాని కింద గిన్నె పెట్టి, నేను చూసేదాకా తియ్యలేదు. "దాచి అమ్మితే రేపు నువ్వు తిట్టుకుంటావు, ఇప్పుడే తిట్టెయ్" అంది. అమ్మతో చెప్పు, కుళాయి పెరట్లోనే ఉంది, స్నానాల గదికి లోపల గడియ ఉంది. నేనే వేసి చూశాను.

ఇక అసలు సంగతి. "ఊరు వదిలొచ్చి నిన్ను చదివించింది మళ్లీ ఊళ్లో పడెయ్యడానికా?" అని రాయించావు. ఆ మాట నీదేనని చదవగానే తెలిసింది. రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ నాన్నా, మనం ఊరు వదిలింది ఊరు చెడ్డదని కాదు, అక్కడ మనకంటూ నిలబడే జాగా లేదని. పట్నంలో మాత్రం ఉందా? కడుతున్న ఇళ్లకి కాపలాగా ఇసక కుప్పలు పడ్డప్పుడు వెళ్లేవాళ్లం, తలుపులు బిగించినప్పుడు మూట కట్టేవాళ్లం. నేను ఎక్కాలు నేర్చుకున్న గదుల్లో ఇప్పుడు ఎవరెవరో మంచాలేసుకుని పడుకుంటున్నారు. చిన్నతనంలో పూర్తయిన ఇంట్లో నేను ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు.

నువ్వు కాపలా ఉంటున్న బిల్డింగులో కింది వాటా తక్కువకి ఇస్తానని యజమాని అన్నాడు, "మా అమ్మాయి తీసుకుంటుంది" అని నువ్వు మాటిచ్చేశావు. నీకెంత సంతోషమో నాకు తెలుసు. కాపలా కాసిన బిల్డింగులో కూతురికి వాటా అంటే మామూలు సంగతా. కానీ ఆ వంటింటి కిటికీ తెరిస్తే పంపు గది గోడ. అది కూడా భరించేదాన్ని. పోయినసారి నేను వచ్చినప్పుడు ఆయన తన చుట్టాలతో, "మన వాచ్‌మన్ కూతురే, ఇక్కడే పడి ఉంటుంది, ఏ పనైనా చెప్పొచ్చు" అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు, కానీ ఆయన నీ ఎడమ చెవి వైపున్నాడు. వాచ్‌మన్ కూతుర్నని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఆఫీసులో అందరికీ చెప్తాను. కానీ ఆయన మెట్ల కింద పడి ఉండడానికి నేను చదువుకోలేదు.

బాబాయ్, ఇక్కడ దగ్గకండి, ఆపకండి. తరువాతి ముక్క నాన్నకి స్పష్టంగా వినబడాలి.

నాన్నా, పల్లెటూళ్లో ఇల్లు కొందామనుకుంటున్నానని ఇంతవరకూ రాస్తూ వచ్చాను. కొనేశాను. సోమవారం నా పేరు మీద రిజిస్ట్రేషన్ అయిపోయింది. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు, నువ్వు వద్దన్న పని చెయ్యడం నాకు చేతకాదు. అందుకే అడగకుండా చేశాను.

ఇంకొకటి ఉంది. ఆ ఊళ్లో మూడు ఇళ్లు పట్నం వాళ్లు కొని తాళాలేసి పోయారట. ఇల్లు అమ్మేముందు పెద్దావిడ నన్ను ఒకటే అడిగింది, "పొద్దున్నే నువ్వు పనికి పోతే ఈ ఇంట్లో మనిషి అలికిడి ఉంటుందా?" అని. ఇల్లు చేజారిపోతుందని భయపడి, "మా నాన్నా అమ్మా ఉంటారు, నాన్న కాపలా పని మానేసి వచ్చేస్తున్నాడు" అని చెప్పేశాను. నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, నువ్వు నాకు చేసిందే నేను నీకు చేశానని. మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో అమ్మని అడుగు.

నిన్న ఆవిడ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. డబ్బు వెనక్కిస్తాను, ఇల్లు రాసిచ్చెయ్ అంటుందేమోనని గడప బయటే నిలబడ్డాను. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూనే అడిగింది.

"నువ్వుంటావా?"

"నేనుంటానమ్మా, ఎవరొచ్చినా రాకపోయినా."

"మరి ఆ మాట చెప్పు చాలు. పెద్దవాడి నోట్లో మాట నువ్వెందుకు పెట్టడం? ఆయనకి నోరు లేదా?"

నా మొహం చిన్నబోయింది. కానీ దారంతా ఆ మాట నీకూ చెప్పాలనిపించింది. అందుకే నాన్నా, నీ తరఫున నేనిచ్చిన మాట వెనక్కి తీసుకున్నాను. నా తరఫున నువ్విచ్చింది నువ్వు వెనక్కి తీసుకో. యజమాని దగ్గరికెళ్లి, మా అమ్మాయి ఒప్పుకోలేదు అని చెప్పు. పిల్ల తెలియక చేసిందయ్యా, మన్నించండి అని మాత్రం అనకు. తెలిసే చేశాను. ఆయనకి కోపమొచ్చి మీరుంటున్న గది ఖాళీ చెయ్యమంటే, ఇక్కడ రెండో గది ఉంది. పనిలోంచి తీసేశారని కాదు, రావాలనిపిస్తేనే రా.

ఆయన ముందు నోరు పెగలదంటే ఆదివారం పొద్దున బస్సుకి నేనొస్తాను. నీ కుడి పక్కన నిలబడతాను, ఆయన ఏమన్నాడో నీకు వినబడేలా గట్టిగా చెప్తాను. జవాబు మాత్రం నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ మొండిఘటం,
సొంతింటి గడప మీద కూర్చుని రాసినది.