వంటింటి ఫ్రెంచి

దమ్మామ్,
22 మార్చి 1991

అన్నయ్యకి తమ్ముడు తాతారావు దండాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. యానాంలో నువ్వూ వదినా కులాసా అనుకుంటాను.

మన పద్మ పెళ్లిలో వియ్యాలవారి ముందు నువ్వన్న మాట నాకింకా గుర్తుంది. "మా తమ్ముడికీ ఫ్రెంచి వచ్చండీ, అంట్లు తోమే ఫ్రెంచి" అన్నావు. పంక్తి పంక్తంతా నవ్వింది. నువ్వు బడిలో నేర్చావు, నేను ఫ్రెంచి దొర బంగళాలో గిన్నెలు కడిగి నేర్చాను. నీ బడి చొక్కాలు ఆ గిన్నెల జీతంతోనే కుట్టించారు.

వదిన అడిగిందిగా, యుద్ధం ఆగింది, సైరన్లు లేవు. విషవాయువు తగలకుండా మొహానికి తొడుక్కునే ముసుగులు మా వంటవాళ్ల దాకా రానేలేదు.

మా క్యాంపు ఫ్రెంచి కంపెనీది, పై అధికారి ఫ్రెంచి దొర. మా వంటవాళ్లలో ఇంగ్లీషు మాటలకి ఫ్రెంచి చెప్పేది నేనే. తోటి వంటవాడు కడప ఓబులయ్య రోజూ ఆటపట్టించేవాడు.

"తాతా, సాల్టును దొర ఏమంటాడు?"

"సెల్."

"బ్రెడ్డును?"

"పాఁ."

"నువ్వు దొరలకు అల్లునివైపోతివి గదప్పా!"

ఆ ఓబులయ్య యుద్ధం ఆగకముందే పోయాడు. రాత్రి సైరన్ మోగినప్పుడు మాంసం తేవడానికి చలిగదిలో ఉన్నాడు. వంటశాల సూపర్‌వైజరు లోపల చూడకుండా తాళం వేసి షెల్టరుకి పరిగెత్తాడు. పొద్దున తలుపు తీసింది నేనే. ఓబులయ్య వేళ్ల కణుపులు చిట్లి ఉన్నాయి. సూపర్‌వైజరు శవాన్ని మోయించి మంచం మీద పడుకోబెట్టి, నిద్రలో గుండె ఆగిందని దొరకి చెప్పాడు. దొరకి ఇంగ్లీషు రాదు. ఎవరేం చెప్పినా, ఫ్రెంచి బాగా వచ్చిన ఆ సూపర్‌వైజరు నోటిగుండానే పోవాలి.

అందుకే దొర దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్లాను. ఇది నీకు రాయడం కంటే చావడం నయం, అయినా రాస్తున్నాను. మాంసం, చలి, తలుపు. నాకొచ్చిన మాటలు అవే. చేతులతో తలుపు బాది చూపించాను. దొర నా భుజం తట్టాడు. మర్నాడు మెకానిక్ వచ్చి చలిగది తలుపుకి కొత్త రబ్బరు వేసి పోయాడు.

నువ్వన్నదే నిజమైంది.

లాక్, ఇన్‌సైడ్, అలైవ్, డెడ్. వీటికి ఫ్రెంచి కావాలి. మనిషి లోపల బతికుండగా తాళం వేశారని దొరకి తెలిసేలా మాటలు కలిపి, తెలుగు అక్షరాల్లో రాయి. కూడబలుక్కుని చదువుతాను. ఓబులయ్య ఇంకా చలిలోనే ఉన్నాడు, ఆసుపత్రి శవాల గదిలో. అతని పెళ్లాం గుండె జబ్బే అనుకుంటోంది.

ఏప్రిల్ ఇరవైన దొర వాళ్ల దేశం వెళ్లిపోతాడు. పద్దెనిమిదికల్లా నీ జవాబు నా చేతిలో ఉండాలి. నవ్వుకుంటే నవ్వుకో, రాసి పోస్టులో వేశాక నవ్వుకో.

ఇట్లు,
అంట్లు తోమిన నీ తమ్ముడు
తాతారావు