వాగు అవతలి ఊరు

అధ్యక్షుల వారికి నమస్కారం.

నన్ను నాలుగుసార్లు శాసనసభకు, రెండుసార్లు పార్లమెంటుకు పంపిన పార్టీకి కృతజ్ఞుణ్ణి. ఈసారి నాకు టికెట్ వద్దు. ఆరోగ్యం బాగానే ఉంది.

మొన్న ధర్మపురి దగ్గర వాగు అవతలి ఊరికి వెళ్లాను. బీడీలు చుట్టే అనసూర్య వంతెన కోసం దరఖాస్తు ఇచ్చింది.

"మా బాపు ఇచ్చిండు సారూ. మా ఆయన ఇచ్చిండు. పోయిన వానకాలం ఆయన వాగు దాటబోయి కొట్టుకపోయిండు. ఇప్పుడు నేనిస్తున్న."

ఆమె కోపపడలేదు. చాయ్ పోసి, పాత దరఖాస్తుల జిరాక్సులు చూపించింది. రెండింటి మీదా 'వెంటనే చర్య తీసుకోగలరు' అని నా చేతిరాతే ఉంది.

నా బదులు మా అబ్బాయి టికెట్ అడుగుతాడు. దయచేసి ఇవ్వకండి. ఆ ఊరు ఎటుందో అతనికి తెలియదు.

అనసూర్య దరఖాస్తు జతచేస్తున్నాను. దాని మీద నేనేమీ రాయలేదు.

మీ పాత కార్యకర్త