దిండు మీద తెల్లపొడి

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ మీరు, వదినగారు, అన్నయ్యగారు కులాసాగా ఉన్నారనీ, మీ మోకాళ్ళు మీ మాట వింటున్నాయనీ తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట నిలబడుతుంది అంటారుగా మీరు, అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. ఇంట్లో రాద్దామంటే ఉన్నవి రెండు గదులు. మీ అబ్బాయి “ఏంటది, ఎవరికి?” అంటూ భుజం మీంచి తొంగిచూస్తారు. అందుకని నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలోనే, భోజనాల వేళ, గుండీలకి కాజాలు కుట్టే మిషను బల్ల మీద పెట్టి రాస్తున్నాను. నూనె మరక కనబడితే ఏమనుకోకండి.

మీ మనవరాలు బుడ్డి బాగా చదువుతోందా అని అడిగారు. చదువు మాటేమో గానీ నోరు మాత్రం అచ్చం మీ పోలికే. వాళ్ళ టీచరుకే ఎదురు పాఠం చెప్పి వచ్చింది మొన్న. నాకు బల్లి భయం పోయిందా అనీ అడిగారు. పోలేదు. లిఫ్టు భయమూ పోలేదు. పెళ్ళయిన కొత్తలో మీరు “పిరికిపిల్ల” అని పేరు పెట్టారు చూడండి, దానివల్లే నాకిప్పుడు చిక్కొచ్చిపడింది. చీటికీ మాటికీ భయపడేదాని భయాన్ని ఎవరు లెక్కచేస్తారు? నాకే నామీద నమ్మకం లేదు.

పుట్టగొడుగుల పెట్టె ఎలా ఉంది, వాడికి నచ్చిందటగా, ఇంకో రెండు పంపనా అని అడిగారు. దానికి జవాబు తర్వాత రాస్తాను. ముందు జరిగింది వినండి.

పనిచేసే అచ్చు ప్రెస్సు మూతపడ్డాక ఆయన ఎలా అయిపోయారో మీరు చూసే వెళ్ళారు. గడ్డం గీసుకోవడం మానేశారు. నేను పనికి, బుడ్డి బడికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేవారు, సాయంత్రం వచ్చేసరికి అదే లుంగీతో అదే కుర్చీలో ఉండేవారు. అప్పుడొచ్చింది మీ పెట్టె. విప్పి చూస్తే రంపపు పొట్టు కూరిన సంచి, దాని నిండా తెల్లటి బూజు. నేను కెవ్వుమన్నాను. “దారిలో కుళ్ళిపోయింది, పారేయండి బాబూ!” అన్నాను. “అదేనే విత్తనం, పిరికిదానా!” అని పకపకా నవ్వారు. ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో అత్తయ్యా, ఆ బూజుకి దణ్ణం పెట్టాలనిపించింది.

పెట్టె మీద చెప్పినట్టే సంచికి గాటు పెట్టారు, పూటపూటకీ నీళ్ళు చిలకరించారు. ముందు అగ్గిపుల్ల తలల్లా మొలిచాయి, చూస్తుండగానే అరచేతులంత విచ్చుకున్నాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగులంటారట. వెన్నలో వేయించి పెడితే బుడ్డి గిన్నె నాకింది. ఇక మీ అబ్బాయికి పూనకమే. ఎక్కడో కనుక్కుని ఇంకొన్ని సంచులు తెచ్చారు. చెమ్మ ఆరకూడదు, గాలి విసురు తగలకూడదు అంటే మా ఇంట్లో ఆ లక్షణాలున్నది పడకగది ఒక్కటే. కిటికీ మూసేసి, మా మంచం పక్కనే తాళ్ళు కట్టి వేలాడదీశారు. హోటల్లో వంట చేసే ఒకాయన రుచి చూసి, ఎన్నయినా తెమ్మన్నాడు. మీ అబ్బాయి మళ్ళీ గడ్డం గీసుకున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని బుట్ట పట్టుకెళ్ళేవారు.

ఇక్కడే తప్పు జరిగింది. అంచులు పైకి తిరగకముందే కోసెయ్యాలని పెట్టె మీద రాసుంది. ఈయన కోయరే! “ఇంకో రోజు ఆగితే ఇంకాస్త బరువు తూగుతాయిలే” అని వదిలేసేవారు. పొద్దున లేచేసరికి దిండు మీద సన్నటి తెల్లపొడి. అద్దం మీదా అదే, బుడ్డి దానిమీద వేలితో పిల్లిబొమ్మలు గీసేది. కిటికీ మూసుంటే రోడ్డు దుమ్ము ఎలా వస్తోందబ్బా అనుకుంటూ రోజూ తుడిచాను. తుడిచానే గానీ బుర్రపెట్టి ఆలోచించలేదు. పుట్టగొడుగులు ముదిరితే అలా తమ విత్తనాన్ని పొడిలా రాలుస్తాయట. రాత్రంతా మా మీదే రాలుస్తున్నాయి.

ఫోన్లో వాడి గొంతు అదోలా ఉందేం అని అడిగారు. మేం ముగ్గురం క్షేమం అని పైన రాశాను చూశారా, అది అలవాటు కొద్దీ చెయ్యి రాసింది. మీ అబ్బాయికి ఒంట్లో బాగాలేదు అత్తయ్యా.

మొదట పొడిదగ్గే. తర్వాత సాయంత్రమయ్యేసరికి వణుకు, సన్నటి జ్వరం. పైకెక్కుతూ మెట్ల మలుపులో ఆగిపోవడం, అడిగితే “చెప్పు తెగిందేమోనని చూస్తున్నా” అనడం. మధ్యలో వేరే ఊళ్ళో ఏదో మిషను పనుందంటే వెళ్ళారు. అక్కడున్నన్నాళ్ళూ దగ్గు లేదు, జ్వరం లేదు. పని కుదరక తిరిగొచ్చి మా గదిలో పడుకున్నారో లేదో, మళ్ళీ మొదలు. జబ్బు మా గదిలోనే ఉందని ఆ రోజే నాకు అర్థమైంది.

బతిమాలి, ఏడ్చి, అలిగి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఛాతీకి ఎక్స్‌రే తీయించింది. “పావురాలు పెంచుతారా?” అంది.

“లేదండీ.”

“కోళ్ళు, చిలకలు?”

“అబ్బే.”

“గోడలకి చెమ్మ, ఇంట్లో దుమ్ము లేపే పని ఏదైనా?”

నేను నోరు తెరిచాను. బల్ల కింద ఆయన బూటు వచ్చి నా కాలి మీద పడింది. “ఏమీ లేదండీ” అన్నారు, నావైపు చూడకుండానే.

“ఏదో రోజూ లోపలికి పోతోంది” అందావిడ. “అదేమిటో కనిపెట్టి ఆపండి. ఊపిరితిత్తులు ఒకసారి గట్టిపడితే మళ్ళీ మెత్తబడవు.”

నేను చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మళ్ళీ ఆ లుంగీ, ఆ కుర్చీ కళ్ళముందు కనబడ్డాయి. ఆ రాత్రి నుంచీ ఆయన ఊపిరి వింటూ పడుకుంటున్నాను. చాపని నేల మీద ఈడ్చినట్టు చప్పుడు. ఆగితే భయం, వినబడితే భయం.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, తిడితే పడతాను. ఆయన బుట్ట పట్టుకుని హోటలుకెళ్ళిన పూట, కెటిల్లో నీళ్ళు మరగబెట్టి సంచులన్నిటిలో పోసేశాను. ఒక్కటి మిగలకుండా. ఆయన వచ్చి చూసి మంచం మీద కూలబడ్డారు. “నా చేతిలోనే ఏదో ఉందే. పట్టుకున్న ప్రెస్సు మూతపడింది, పెంచుకున్న మొలకా చచ్చింది” అన్నారు. పక్కన నిలబడి వీపు నిమిరాను, ఎంత పాపిష్టిదాన్నో చూడండి. నిన్నటినుంచీ కొత్త సంచులు తెస్తానంటున్నారు. మీరు చెబితే వింటారు, ఆయనకి మీ మాటంటే…

గంట కొట్టేశారు, ఆపుతున్నాను.

ఇది మర్నాడు రాస్తున్నాను అత్తయ్యా. అక్షరాలు కూడబలుక్కుని చదవండి.

నిన్న ఇంటికెళ్ళేసరికి కొత్త సంచులు వచ్చేశాయి. ఆయన స్టూలెక్కి తాళ్ళు కడుతున్నారు. బుడ్డి మంచం మీద హోంవర్క్ చేసుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. “వేడినీళ్ళు పోసింది నేనే!” అని అరిచాను.

ఆయన వెనక్కి తిరగలేదు. “తెలుసు. కెటిల్ మూత సంచి కిందే మర్చిపోయావు” అన్నారు.

“తెలిసే మళ్ళీ తెచ్చారా? డాక్టరమ్మ చెప్పింది వినలేదా?”

“విన్నాను. ఆవిడ అడుగుతుంటేనే అర్థమైంది, అందుకే నీ కాలు తొక్కాను.” దగ్గొచ్చి ఆగారు. స్టూలు పట్టుకుని, ఊపిరి కూడగట్టుకుని అన్నారు. “మీరిద్దరూ వెళ్ళిపోయాక ఈ ఇంట్లో ఎలా ఉంటుందో నీకు తెలీదే. ఆ కుర్చీలో కూర్చుంటే గోడలు మీదికొస్తాయి. దానికంటే ఈ దగ్గే నయం.”

అప్పుడు మంచం మీద బుడ్డి దగ్గింది. వాళ్ళ నాన్నని వెక్కిరించడం దానికి ఆటే. నడకా, తుమ్మూ, దగ్గూ అన్నీ దించేస్తుంది.

“నాన్న దగ్గుతుంటే ఎగతాళా?” అన్నారాయన.

“ఎగతాళి కాదు నాన్నా. వస్తోంది” అంది.

ఆయన మొహం ఎలా అయిందో నేను రాయలేను. స్టూలు దిగి దాన్ని ఎత్తుకోబోయి, తన చొక్కా వంక చూసుకుని, చేతులు వెనక్కి లాగేసుకున్నారు. “దాన్ని తీసుకుపో. కిటికీలన్నీ తెరువు” అన్నారు. ఆ సంచులన్నీ తనే దింపి, గుండెకి హత్తుకుని, ఆగి ఆగి మెట్లు దిగి దూరంగా చెత్తబండిలో పడేసి వచ్చారు. వచ్చినా పైకి రాలేదు. వీధిలో బనీనుతో నిలబడి “ఉతికిన చొక్కా ఒకటి పడెయ్యవే, ఈ బట్టలతో పిల్ల దగ్గరికి రాను” అని కేకేశారు. ఇరుగుపొరుగు చూస్తున్నా సిగ్గుపడలేదు. మేం ముగ్గురం ముందుగదిలో నేల మీద పడుకున్నాం.

ఆ రెండు పెట్టెలూ పంపకండి. పంపేసి ఉంటే వెనక్కి తెప్పించుకోండి. మీ తప్పేం లేదు. మీరు పంపింది ఆయన నవ్వు కోసం, అది నిజంగానే వచ్చింది. మీమీద నాకు రవ్వంత కోపం లేదు.

ఇవాళ పొద్దున ఆయనే బుడ్డిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. “నేనాడిన అబద్ధం నేనే చెప్పుకుంటాను” అన్నారు. నాకు సెలవివ్వలేదు, ఫోను గేటు దగ్గర పెట్టించుకుంటారు. ఆవిడ ఏమందో సాయంత్రం దాకా తెలీదు. ఇప్పటికే కొన్ని కాజాలు తప్పు చోట వేసి మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాను.

నేను మెట్ల పైన నిలబడి వాళ్ళు దిగడం విన్నాను. వాళ్ళ నాన్నకి వినబడకూడదని బుడ్డి మొహం నా పాత స్కార్ఫులో పెట్టుకుని దగ్గుతోంది. దానికి వినబడకూడదని ఆయన దగ్గు మింగుతున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. అత్తయ్యా, నాకు భయంగా ఉంది. ఏ బండి దొరికితే ఆ బండెక్కి వచ్చెయ్యండి.

ఇట్లు,
ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సాయంత్రం కోసం చూస్తున్న
మీ కోడలు