బ్యారేజీ మీద చెప్పుల్లేకుండా

మేరీ టీచర్ గారూ,

ఇవాళ బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు. వరద వచ్చిందంటే చాలు, మీరు గుణదల నుంచి ఆటోలో వచ్చేసేవారు. మీరు పోయాక ఇదే మొదటి వరద. నేనొక్కణ్ణే వెళ్లాను.

నా మొదటి నవల చదివి, “కృష్ణ గర్జించిందని రాశావు. నువ్వు విన్నావా నాయనా, ఎక్కడన్నా చదివావా?” అన్నారు. నాకు కోపం వచ్చింది. తర్వాతి నవలల్లోనూ గర్జించింది.

బ్యారేజీ మీద మీరు చెప్పులు విప్పి నిలబడేవారు. చర్చికెళ్లే మనిషికి కృష్ణమ్మ మీద ఇంత భక్తేమిటా అనుకునేవాణ్ణి. ఇవాళ మిమ్మల్ని తలుచుకుని నేనూ విప్పాను.

తడిసిన సిమెంటు అరికాళ్ల కింద వణుకుతోంది. ఆ వణుకు మోకాళ్లు దాటి, వెన్ను దాటి, పళ్లదాకా వచ్చింది. కదల్లేకపోయాను.

పక్కనున్నాయన నా కాళ్లకేసి చూసి, “చెప్పులెవరన్నా పట్టుకుపోయారాండీ?” అన్నాడు.

“లేదండీ, వింటున్నాను” అన్నాను.