సఫర్ అయిదో తేదీ

గర్భస్రావ అనుమతుల కమిటీ అధ్యక్షులవారి సముఖమునకు, కాషాన్ కంచరి బజారులో గిన్నెలకు కళాయి వేసుకుంటూ, మంగళవారాలు ధర్మబోధ చేసే రజబ్‌అలీ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా కుమార్తె గర్భము తమ కాగితములలో మూడు నెలలు ముదిరిపోవుట గురించి.

అయ్యా,

1. నా కుమార్తె మాహ్‌లఖా గర్భిణి. బిడ్డకు పుర్రె ఏర్పడలేదనీ, పుట్టినా పూట గడవదనీ ఇద్దరు డాక్టర్లు వ్రాసి సంతకములు చేసియున్నారు. నాలుగు నెలలలోపు, అనగా బిడ్డలో ప్రాణం ఊదబడకముందు, తమ కమిటీ సరేనంటే తీయించవచ్చునని చట్టము. ఆ నూట ఇరవై రోజుల హద్దుతో నాకు పేచీ లేదు. దాని గురించి ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకున్నవాణ్ణి.

2. కడపటి నెలసరి ఎప్పుడని తమ గుమాస్తా నీక్‌నఫ్స్ గారు అడుగగా, అమ్మాయి సఫర్ అయిదు అని చెప్పినది. మా ఇంటి ఆడవాళ్ళు దానిని చాంద్రమాసాల్లోనే గుర్తుపెట్టుకుంటారు. నెలసరి వల్ల రంజాన్‌లో తప్పిన ఉపవాసాలు తరువాత తీర్చుకోవాలి గదా. సఫర్ రెండో నెల కనుక గుమాస్తాగారు 5/2 అని కొట్టినారు. యంత్రానికి సర్కారు సౌరమాన నెలలే తెలియును. రెండో నెల అంటే, ఈ ఏటి సఫర్‌కు మూడు నెలల ముందే గడిచిపోయిన ఉర్దీబెహెష్త్ అనుకున్నది. కాగితం మీద నా కూతురికి ఆరున్నర నెలలు నిండినవి. కడుపులో మూడున్నరైనా నిండలేదు.

3. పెళ్ళి జరిగినది ఆ తరువాతి నెల, ఖుర్దాద్ ఆఖరున. కనుక తమ కాగితమే నిజమైతే గర్భం పెళ్ళికి ముందటిది; అది చదివి వేరే కచేరీవారు కొరడా పట్టుకుని బయల్దేరుదురు.

4. మొర పెట్టుకోగా నీక్‌నఫ్స్ గారు, "కంప్యూటర్ ప్రకారం ప్రాణం వచ్చేసింది ఆగా, నా చేతుల్లో లేదు" అన్నారు.

"ప్రాణం పోసే దైవదూత కూడా మీ కంప్యూటర్ చూసుకునే బయల్దేరతాడా, నాయనా?"

"ఏమో ఆగా. మాకైతే ఆయన దగ్గర్నుంచి కాగితం ఏదీ రాలేదు."

తేదీల సవరణ సంఘం ఇరవై మూడు రోజుల తరువాత కూర్చుంటుందట. నేడు నూట రెండో రోజు. లెక్క తమరే కట్టుకోండి.

5. నెలవంకలు మనుషుల కాలగణన కోసమేనని గ్రంథము చెప్పుచున్నది. దేవుడు ఎవరి మీదా మోయలేని బరువు పెట్టడనీ చెప్పుచున్నది. ఆ రెండు వాక్యాలూ తమ టపాలో చేరినట్టు లేదు. హద్దు దేవుడిదన్నారు, ఒప్పుకున్నాను. ఆలస్యం ఎవరిది? ఆడమనిషికి గడువు పెట్టిన చట్టం ఫైలుకు ఎందుకు పెట్టలేదు?

6. నిన్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆపి అమ్మాయి అడిగింది: "బాబా, నేను చెప్పిన నెల తప్పా?" అమ్మాయి కంచం పక్కనే కూర్చుని ఈ అర్జీ మొదలుపెట్టినాను.

7. కావున ఈ వారంలోనే తేదీ దిద్దించవలెను. వీలుకాని పక్షమున, దిద్దుబాటు అయ్యేవరకు ప్రాణం పోయరాదని ఆ దైవదూతకు తమ ముద్రతో తాఖీదు పంపి, నకలు నాకు ఇప్పించవలెను.

ఈ పద్దెనిమిది రోజులు మిగిలి ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రజబ్‌అలీ

మరొక మాట: మూడేళ్ళ క్రితం తమ గుమ్మం ముందు నిలబడి, ఈ మెట్లెక్కే ఆడవాళ్ళకు సిగ్గులేదని గంటన్నర బోధించింది నేనే. ఎండలో ఉన్నానని తమరు లోపలినుంచి కుర్చీ, టీ పంపించారు. శనివారం పొద్దున్నే వస్తున్నాం. టీ వద్దు. ఆ కుర్చీ మాత్రం వేయించండి, అమ్మాయి కూర్చుంటుంది. ముద్ర పడేదాకా నేను ఆ మెట్ల మీదే నిలబడతాను.