రాయి వేడి

మంగళవారం, డిసెంబరు 2003

ఓడలో పనిచేసే మా చిన్నోడు ఇగువానాని తెచ్చాడు. మూరెడు పచ్చ బల్లి. దానికి వెచ్చదనం కావాలట. పొద్దున్నే గాజుపెట్టెలో రాయి పెట్టి, పైన వంద వాట్ల బల్బు వేలాడదీశాను. చెయ్యి వేసి చూస్తే రాయి చల్లగానే అనిపించింది. బల్బు ఇంకాస్త దించాను.

సాయంత్రానికి దాని పొట్టంతా బొబ్బలు. మా ఆవిడ రాయిని ముట్టుకుని చెయ్యి లాక్కుంది.

"ఓలమ్మో, పెనం నాగుంది! నీకు తెల్డం నేదేటి?"

తెలియలేదు. ఇరవయ్యేళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేసిన చేతులు. మొద్దుబారాయని ఈరోజే తెలిసింది.

మనవరాలి స్నానానికి వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు పోసి రోజూ నేనే తొరుపుతాను, ఈ చేత్తోనే చూసి. పాప కేకలు పెడుతుంటే, సున్నిపిండి గరుకు వల్ల అనుకుని నవ్వేవాణ్ణి.