నూరు పేర్ల కాగితం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నాను. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం, నా కోపం ఒక్కటే నెల రోజులుగా దిగడం లేదు. మీ మరిది నడుంనొప్పి తగ్గి మళ్లీ బస్సు డిపోకు వెళ్తున్నారు. చిన్నదానికి కళ్లజోడు వచ్చింది. అది పెట్టుకున్న దగ్గర్నుంచి ఇంట్లో దుమ్మంతా దానికే కనిపిస్తోంది, తుడవడం మాత్రం నా వంతు. నీ మోకాళ్లకు డాక్టరు చెప్పిన వ్యాయామం మానెయ్యకు. ఇరవై రెండేళ్లు ఆస్పత్రి చీటీల కౌంటర్లో నిలబడ్డ కాళ్లవి. ఉద్యోగం మానేశావని నొప్పి కూడా మానేస్తుందా?

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. పిన్ని నా పేరెత్తితే ముఖం ఎందుకు తిప్పుకుంటోందని ఒకటి. నేను చేరిన బీమా కంపెనీ నుంచే నీకూ ఫోన్ వచ్చింది, సోమవారం మీ ఊరి ఆఫీసులో మీటింగ్ ఉందంటున్నారు, ఏజెంటుగా చేరనా అని రెండోది. ఈ రెంటికీ కలిపి జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. మధ్యలో తిట్లు తగులుతాయి. అవి నీకు కావు.

ఫొటో స్టూడియో మూతపడ్డాక నేను నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నది నీకు తెలుసు. అప్పుడే పేపర్లో ప్రకటన చూసి ఈ కంపెనీకి వెళ్లాను. ఇరవై ఆరుమందిమి చేరాం. ఏసీ గది, గాజు తలుపులు, ప్రతి కుర్చీ మీద ఒక పెన్ను. మేనేజరు ఎండాకాలంలో కూడా టై విప్పడు, అందుకని మేమంతా ఆయనకు టై సారు అని పేరు పెట్టుకున్నాం. మీకు బాసు ఉండడు, మీ సంపాదనకు హద్దు ఉండదు, మొదటి పది ఇళ్లకూ మీ పక్కన నేనుంటాను అని ఆయన చెబుతుంటే, అక్కా, నాకు ఒళ్లు పులకరించింది. జీతం ఉండదన్న మాట కూడా ఆయన ఏదో వరమిస్తున్నట్టు చెప్పాడు.

శిక్షణ మూడు రోజులు. మొదటి రోజు పొద్దున్నే తలా ఒక కాగితం ఇచ్చి, మీకు తెలిసిన నూరుమంది పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి అన్నారు. చుట్టాలు, స్నేహితులు, పాల మనిషి, పిల్లల టీచరు, ఎవరైనా సరే. అరవై దాకా గబగబా రాశాను. తర్వాత పెన్ను కొరుక్కుంటూ కూర్చుంటే, పక్క కుర్చీలో ఉన్న లెక్కల మాస్టారు, రిటైరై ఏడాదైనవారు, తన పాత విద్యార్థుల పేర్లు అక్షరక్రమంలో రాసుకుంటూ పోతున్నారు. ఆయన్ను చూసి కుళ్లుకున్నాను కూడా.

మొదటి మూడు ఇళ్లకూ టై సారు నాతో వచ్చాడు. మాట తప్పని మనిషి అనుకున్నాను. ఆ మూడిళ్లలో రెండోది పిన్నిది. పిన్ని స్కూలు యూనిఫారాలు కుడుతూ కూడబెట్టుకున్నది చీర మడతల్లోంచి తీసి ముందు పెట్టింది. కూతురిలాంటి దానివి, నువ్వు చెబితే కాదంటానా అంది. ఒకే ఒక్క ప్రశ్న వేసింది. మధ్యలో కట్టలేకపోతే ఏమవుతుందీ అని. టై సారు నా వైపు చూశాడు. శిక్షణలో ఆ ప్రశ్నకు జవాబు మాచేత పదిసార్లు చెప్పించారు. నేను గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను: "నీ డబ్బు ఎక్కడికీ పోదు పిన్నీ, కంపెనీ దగ్గరే భద్రంగా ఉంటుంది."

అది అబద్ధమని నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అది నా తప్పు. ఏడాది తిరిగేలోపల పిన్ని కళ్లకు శుక్లాలు వచ్చి సూదిలో దారం ఎక్కించలేని పరిస్థితి. రెండో ఏడు కట్టలేకపోయింది. ఆఫీసుకు వెళ్లి అడిగితే రూలు పుస్తకం తెరిచి చూపించారు. మొదటి ఏడాదితోనే మానేస్తే చేతికొచ్చేది సున్నా. పిన్ని ముఖం ఎందుకు తిప్పుకుందో ఇప్పుడు తెలిసిందిగా.

ఆ మూడిళ్ల తర్వాత టై సారు నా పక్కన ఒక్కరోజు నిలబడితే ఒట్టు. చుట్టాల ఇళ్లయితే రెండుసార్లు అన్నం వడ్డించుకుని మరీ కూర్చునేవాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇళ్లకు వెళ్లాల్సి వచ్చేసరికి ఆయనకు మీటింగులు పుట్టుకొచ్చేవి. నేనొక్కదాన్నే ఎండలో, సొంత చార్జీలతో, సంచీలో ఆ రంగుల కాగితాలు వేసుకుని తిరిగాను. ఒకావిడ కిటికీలోంచి నన్ను చూసి లోపల టీవీ కట్టేసి, ఇంట్లో ఎవరూ లేనట్టు నటించింది. ఒకాయన ముప్పావు గంట శ్రద్ధగా విని, బాగుందమ్మా, మా అల్లుడూ ఇదే పని చేస్తున్నాడు అన్నాడు. పెళ్లిళ్లలో నేను వెళ్లి కూర్చుంటే ఆ వరుస ఖాళీ అయ్యేది. మన పెద్ద బావగారైతే నా ఫోన్ చూసి కట్ చేయబోయి పొరపాటున ఎత్తి, నేను ఇంట్లో లేనని చెప్పండి అన్నారు, నాతోనే.

నవ్వొస్తుంది కదూ. నాకు అప్పుడు నవ్వు రాలేదు.

ఆరో నెలకు ఇరవై ఆరుమందిలో తొమ్మిదిమంది మిగిలాం. మానేసినవాళ్ల గురించి టై సారు, వాళ్లకు పట్టుదల లేదు అనేవాడు. మేమూ తలూపేవాళ్లం. లెక్కల మాస్టారు మానేసే రోజు మెట్ల మీద నన్ను ఆపి నెమ్మదిగా చెప్పారు: "వీళ్లకు కావలసింది మన పని కాదమ్మా, మన చుట్టాలు. ఆ నూరు పేర్లూ అయిపోగానే మనమూ అయిపోతాం. మూణ్ణెల్లకోసారి కొత్తవాళ్లను ఎందుకు చేర్చుకుంటున్నారనుకున్నావ్?"

విన్నాను. విని కూడా ఇంకో ఎనిమిది నెలలు ఉన్నాను. నీకు తెలుసుగా నా మొండితనం, ఓడిపోయానని ఇంట్లో చెప్పలేకపోయాను.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాననుకుంటాను. బస్టాండు వెనక టైర్లకు పంక్చర్లు వేసే ఆయన ఒకడున్నాడు. ఇద్దరు చిన్న పిల్లలు. నిజంగా బీమా అవసరమున్న మనిషి. ఐదుసార్లు వెళ్లాను, ప్రతి షరతూ ఈసారి నేను ముందు చదివి తర్వాత ఆయనకు చెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు. ఫారం నింపుతుంటే గుండెకు మందులు వాడుతున్నానని చెప్పాడు. ఆ ఫారం టై సారు చూసి, ఆ గడిలో లేదని రాసెయ్యండి మేడం, ఎవరు చూడొచ్చారు అన్నాడు. అలా రాస్తే రేపు ఆయనకేమైనా అయినప్పుడు భార్యకు పైసా రాదని తెలిసి కూడా అన్నాడు. నేను ఉందనే రాశాను. కంపెనీ ఫారం తిప్పి పంపింది. మర్నాడు అందరి ముందూ నన్ను నిలబెట్టి, అమ్మడం చేతకానివాళ్లకు నీతులు ఎక్కువ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో కందిరీగలా తిరుగుతోంది.

ఇక అసలు సంగతి. ఇంతసేపు ఊరంతా తిప్పింది దీన్ని ఎలా చెప్పాలో తెలియకే.

ఆ మర్నాడే టై సారు నన్ను గదిలోకి పిలిచి గొంతు తేనెలా మార్చాడు. పాలసీలు తేలేకపోతే పోనీ, కొత్త ఏజెంట్లు ఇద్దర్ని చూపించండి, మీ స్థానం నిలబెడతాను అన్నాడు. నా కాగితం బల్ల మీదే ఉంది. అందులో మొదటి పేరు నీది. మా అక్క ఉందన్నాను. ఇరవై రెండేళ్లు ఆస్పత్రి కౌంటర్లో పనిచేసిందనగానే, అంటే ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో తెలుసన్నమాట అని పెన్ను తీశాడు. నేను అక్కడితోనైనా ఆగాల్సింది. ఆగలేదు. ఉద్యోగం మానేశాక పిల్లలు కూడా దూరంగా ఉండి ఒంటరిగా ఫీలవుతోంది, ఎవరైనా గౌరవంగా మాట్లాడితే కాదనదు అని కూడా చెప్పాను. ఆయన అదీ రాసుకున్నాడు.

నీ ఉత్తరం రెండో పేజీలో రాశావు. ఎవరో పెద్ద సారు ఫోన్ చేశాడు, మీలాంటి అనుభవజ్ఞులు మాకు కావాలన్నాడు, ఉద్యోగం మానేశాక నాతో అంత మర్యాదగా మాట్లాడినవాళ్లు లేరే, నా గురించి వాళ్లకు ఎలా తెలిసిందో అని. ఎలా తెలిసిందంటే, నేనే అమ్మాను.

మర్నాడు వెళ్లి గుర్తింపు కార్డు బల్ల మీద పడేశాను. నా కాగితం నాకివ్వమన్నాను. టై సారు నవ్వి, అది ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కింది మేడం, పేర్లు ఇప్పుడు కంపెనీవి అన్నాడు. నేను గొంతు పెంచలేదు.

"పిన్ని కంపెనీది కాదు. మా అక్కా కాదు. వాళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెబుతాను, మీ పేరు కూడా చెబుతాను," అన్నాను.

ఆయన టై వదులు చేసుకోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

చేస్తున్నాను. రోజుకు పదిమందికి. ఈ కంపెనీ నుంచి ఎవరొచ్చినా, ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా, మొత్తం చదివించుకోకుండా పెట్టొద్దని. కొందరు తిట్టారు, ఎక్కువమంది ఫోనే ఎత్తలేదు. పిన్ని దగ్గరకు మాత్రం స్వయంగా వెళ్లాను. గడపలోనే నిలబెట్టింది. అరవలేదు, ఏడవలేదు. నేను చెప్పిందంతా విని ఇలా అంది: "డబ్బు సంగతి సరేనే. ఆ రోజు నువ్వు మాట్లాడుతున్నావనుకుని విన్నాను. వాళ్లు నేర్పింది అప్పజెబుతున్నావని తెలియలేదు."

లోపలికి రమ్మనలేదు. వచ్చే బుధవారం కంటి ఆపరేషన్. ఆస్పత్రికి తోడు నేను వస్తానంటే అవుననలేదు, కాదనలేదు. వెళ్తాను.

నీకు ఫోన్లో చెప్పే ధైర్యం చాలక ఈ ఉత్తరం. సోమవారం ఆ మీటింగ్‌కు వెళ్లకు. చేరాలనే నీకు గట్టిగా ఉంటే నేను చెయ్యి పట్టుకుని ఆపలేను, నీకంటూ ఒక పని, నీ కోసం ఎదురుచూసే నలుగురు మనుషులు ఉండాలనుకోవడం తప్పేం కాదు. కానీ మర్యాదగా మాట్లాడిన ఆ గొంతు నీ మంచితనం చూసి మాట్లాడలేదు. నీ ఒంటరితనం నా నోటి వెంట విని మాట్లాడింది. నీతో అలా మాట్లాడాల్సింది నేను. వారానికోసారి కూడా మాట్లాడలేదు.

తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి. ఎంతసేపైనా తిట్టు, నేను పెట్టెయ్యను.

ఇట్లు,
నీ నమ్మకాన్ని బేరం పెట్టిన
నీ చెల్లెలు